తలుపేసుకున్న అమ్మాయితో ఎలా మాట్లాడాలి?

మార్కులు తక్కువొచ్చాయని మీ అమ్మాయి మూడు రోజులుగా గదిలోంచి రావడం లేదని, కోరుకున్న యూనివర్సిటీలో సీటు రాదేమోనని మీకూ నిద్ర పట్టడం లేదని రాశారు. ముందు ఒక్క మాటండీ, ఆ టెన్షన్‌లో సగం మీది. దాన్ని తన దగ్గర కాకుండా ఎవరైనా స్నేహితుల దగ్గర దించుకోండి.

తలుపు దగ్గర నిలబడి "ఇప్పుడేం చేద్దాం" అని అడగకండి. భోజనానికి పిలవండి, మార్కుల ఊసెత్తకండి. మావాడి విషయంలో నేను మొదటి రోజే ఉపన్యాసం మొదలుపెట్టాను. వారం రోజులు వాడు నాతో మాట్లాడలేదు! ఈ వయసు వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అది లేకుండా ఏ నిర్ణయమూ వద్దు.

ఆగనివి గడువులే. రీకౌంటింగ్ అంటే సాధారణంగా కూడిక సరిచూడటం, రీవాల్యుయేషన్ అంటే జవాబులు మళ్లీ దిద్దడం. రెండోదాంట్లో కొన్నిచోట్ల మార్కులు తగ్గే అవకాశమూ ఉంది, నిబంధనలు చదవండి. తేదీలు మీరు రాసిపెట్టండి, అప్లై చేయాలా వద్దా అన్నది తనకు వదిలేయండి. వెయిటింగ్ లిస్టులో పేరుంటే తీయించకండి, వేరేచోట చేరినవాళ్ల సీట్లు ఖాళీ అవుతుంటాయి. ఈలోగా దొరికిన సీటుకు డబ్బు కట్టేముందు ఫీజు వాపసు సంగతి చూసుకోండి.

బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి. "తను పడుకుంది" అంటే చాలు.

తిండి పూర్తిగా మానేసినా, చావు మాట ఎత్తినా మాత్రం ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.