వెక్టర్ బొమ్మకు పాతదనం: ఒక యువ రచయిత్రికి లేఖ

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంగా పిల్లల కోసం నువ్వు రాసిన కథ, దానికి నువ్వే గీసిన బొమ్మలు అందాయి. కథ గురించి మరో ఉత్తరంలో వివరంగా రాస్తాను. అది చాలావరకు సిద్ధంగానే ఉంది. ఈ ఉత్తరం బొమ్మల గురించి, అందులోనూ వాటికి పాతదనం తేవడానికి నువ్వు చేసిన ప్రయత్నం గురించి. నీ గీత బాగుంది. నాయనమ్మ ట్రంకుపెట్టె, టిక్కీలు (మిర్చి గోనె బస్తాలు) మోసే బండి, కాలువ గట్టున ఉన్న గోడ, ఈ మూడింటినీ చాలా తక్కువ గీతల్లో పట్టుకున్నావు. అయితే వెక్టర్ బొమ్మ స్వభావరీత్యా నున్నగా ఉంటుంది. లెక్కతో నిర్ణయమైన వంపులు, ఎక్కడా హెచ్చుతగ్గులు లేని రంగులు దాని గుణం. ఆ నునుపు నీ కథకు నప్పదని సరిగానే గ్రహించి, గరుకుదనం కోసం నెట్ నుంచి దింపుకున్న ఒక మచ్చల టెక్స్చర్‌ను అన్ని బొమ్మల మీదా ఒకే తీరుగా పరిచావు. చిక్కు అక్కడే వచ్చింది. పెట్టె మీద, గోడ మీద, నాయనమ్మ చీర మీద, ఆకాశం మీద అవే మచ్చలు పడటంతో బొమ్మలు పాతబడినట్లు కాక మాసిపోయినట్లు కనిపిస్తున్నాయి.

ఏ మచ్చనైనా పెట్టే ముందు నువ్వు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఈ పాతదనం బొమ్మలోని వస్తువుకు చెందినదా, లేక బొమ్మ అచ్చయిన కాగితానికి చెందినదా? వస్తువు పాతబడితే మచ్చలు దాని ఆకారాన్ని అనుసరించి, దాని హద్దుల లోపలే ఉంటాయి. పక్కనున్న మనిషి మీదికి పాకవు. కాగితమో అచ్చో పాతబడితే ఆ మచ్చలకు బొమ్మలోని గీతలతో నిమిత్తం ఉండదు. అవి పెట్టెను, మనిషిని, ఆకాశాన్ని దాటుకుంటూ పోతాయి. నీ బొమ్మల్లో ఈ రెండూ కలిసిపోయాయి. కాగితం మీద పడవలసిన తరహా మచ్చలతో ఇనుము తుప్పును చూపించబోయావు. ఒకే పుస్తకంలో రెండూ ఉండకూడదని నేను అనను. కానీ వాటిని వేరువేరు లేయర్లలో, అంటే ఒకదానిమీద ఒకటి పరిచే విడి పొరల్లో, ఉంచుకో, ఏ మచ్చ ఎందుకు ఉందో అడిగితే చెప్పగలిగేలా ఉండు.

ట్రంకుపెట్టెనే తీసుకుందాం. దాని రంగు ఎక్కడ పోతుంది? మూలల దగ్గర, మూత అంచు వెంబడి, గొళ్ళెం చుట్టూ, చేతిపిడి వాలి రేకుకు కొట్టుకునే చోట. తుప్పు ఎక్కడ పడుతుంది? గచ్చు కడిగినప్పుడు నీరు నిలిచే అడుగు అంచున, రేకు మడిచిన సందుల్లో. మూత మీద బొంతలు, దుప్పట్లు పేర్చి ఉంచే ఇళ్లలో మూత నడిమి రంగు ఎండ తగలక చాలా ఏళ్లు నిలుస్తుంది, చుట్టూ ఉన్న రంగుకన్నా ముదురుగా కూడా ఉంటుంది. నువ్వు మాత్రం సరిగ్గా ఆ నడిమి భాగంలోనే అన్నిటికన్నా ఎక్కువ మచ్చలు వేశావు, మూలలను కొత్తగా వదిలేశావు. ఆ పెట్టెను నాయనమ్మ ఎన్నిసార్లు తెరిచిందో, ఏ గదిలో ఉంచిందో రచయిత్రిగా నీకు తెలుసు. బొమ్మ గీసేటప్పుడు ఆ తెలిసిన సంగతిని పక్కన పెట్టకు.

బండి సంగతి వేరు. వాడకం ప్రతి వస్తువునూ గరుకు చేయదు. రోజూ చేతులు పడే కర్ర చెమటకు, రాపిడికి నునుపెక్కి నల్లబడుతుంది. గరుకుదనం ఎవరూ ముట్టుకోని చివరల్లో, ఎండకు వానకు నెర్రెలు విచ్చిన చోట మిగులుతుంది. అందువల్ల పట్టుకునే చోట మచ్చలు తీసేసి ముదురు రంగు మాత్రం ఉంచు. టిక్కీల గోనె నేత విషయంలో నీ పొరపాటు చిన్నదే అయినా కంటికి వెంటనే తగులుతోంది: సంచి ఉబ్బిన చోట నేత గీతలు కూడా వంగాలి. నువ్వు నేతను తిన్నగా పరచడంతో సంచులు చెక్కపలకల్లా ఉన్నాయి. బొమ్మలు గీసే ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్వలప్ డిస్టార్ట్ ఉంది, దానితో నేత మొత్తాన్ని సంచి ఉబ్బుకు తగ్గట్టు వంచవచ్చు. దూరంగా ఉన్న టిక్కీల గుట్టకు నేత అసలే అక్కరలేదు. అంత దూరం నుంచి అది కనపడదు.

గోడకు చెమ్మ కిందినుంచి ఎక్కుతుంది, వాన మరక పైనుంచి దిగుతుంది. ఈ రెండు దిక్కులు గుర్తుంచుకుంటే సున్నం పెచ్చులు ఎక్కడ ఊడాలో, చార ఎక్కడ మొదలవ్వాలో దానంతట అదే తెలుస్తుంది. కిటికీ ఉన్న గోడ అయితే చట్రం అడుగు మూలలనుంచి చార దిగుతుంది, గాలిలో మొదలవ్వదు. కాలువ నీరు తగిలే భాగంలో మాత్రం చారలు అడ్డంగా ఉంటాయి. 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీ స్తంభాలను ఒకసారి దగ్గరగా చూడు. నీటిమట్టం మారినప్పుడు మిగిలే ఆనవాళ్లు ఎలా ఉంటాయో అక్కడ అర్థమవుతుంది.

ఇక అచ్చు పాతదనం. నీ ముఖచిత్రం పాతకాలపు లెటర్ ప్రెస్‌లో, అంటే ఉబ్బెత్తు అచ్చులకు సిరా పూసి కాగితం మీద ఒత్తే పద్ధతిలో, అచ్చైనట్లు కనిపించాలని రాశావు. ఆ కోరిక నాకు నచ్చింది, ఎందుకంటే ఈ ఊరి ప్రచురణ సంస్థల పాత పుస్తకాలు పట్టుకుని పెరిగినవాణ్ణి. అయితే లెటర్ ప్రెస్ అచ్చులో లోపాలు ఎక్కడపడితే అక్కడ రావు. అక్షరం కాగితాన్ని ఒత్తినప్పుడు సిరా అంచులకు జరుగుతుంది కనుక అంచు ముదురుగా, లోపల కొంచెం పలచగా పడుతుంది. పెద్ద నల్లని భాగాలు ఉన్న చోట సిరా సమంగా అందక తెల్లని చుక్కలు మిగులుతాయి. సన్నని గీతల్లో అలాంటి చుక్కలు చాలా తక్కువ. కొయ్య అచ్చులైతే ఆ చుక్కలు చెక్క ఈనెల వెంబడి వరుసగా సాగుతాయి. కాబట్టి ఒకే రకం చుక్కలను పెద్ద శీర్షికకూ చిన్న పేరుకూ సమంగా చల్లితే, పాత పుస్తకాలు చూసినవారు ఒక్క చూపులో నమ్మకం కోల్పోతారు.

రంగుల విషయంలో ఇంకో మాట. ఒక్కో రంగు ఒక్కో అచ్చు నుంచి వస్తుంది. పెడన వెళ్లి కలంకారీ అద్దకం చూస్తే ఇది పుస్తకం చదవకుండానే తెలుస్తుంది: రేఖలకు ఒక దిమ్మె, ఆ తరువాతి రంగులకు వేరే దిమ్మెలు, ఏ దిమ్మె ఎంత జరిగితే ఆ రంగు అంతే జరుగుతుంది. అందువల్ల రంగు తప్పిన అచ్చును చూపించాలంటే ఎరుపు లేయర్ మొత్తాన్నీ ఒకే దిక్కుకు కొద్దిగా జరుపు. ఒక పువ్వులో కుడికి, మరో పువ్వులో ఎడమకు జరపకు. ఒక రంగులో సిరా అందని చుక్క పడితే కింద ఉన్న మరో రంగు కనపడాలి. అన్ని రంగులూ ఒకే చోట పోయి తెల్ల కాగితం బయటపడితే అది అచ్చు లోపం కాదు, కాగితం మడత విరిగిన గుర్తు. మడత చూపించాలనుకుంటే అది కూడా మంచిదే, కానీ అప్పుడు గీత తిన్నగా, పుట అంతటా ఒకే వరుసలో సాగాలి. రెండు సిరాలు ఒకదానిమీద ఒకటి పడే చోట మూడో రంగు పుట్టాలి గనుక పై లేయర్‌ను మల్టిప్లైలో, అంటే కింది రంగుతో కలిసి ముదురయ్యే పద్ధతిలో, ఉంచు.

టెక్స్చర్లు దింపుకోవడం మానేయమని గట్టిగా చెబుతాను. ఉచితంగా దొరికే ప్యాక్‌లలోని అదే సిరా చిందును ఎన్నో ముఖచిత్రాల మీద గుర్తుపట్టగలుగుతున్నాను. పైగా ప్రతి ప్యాక్‌కూ వాడకపు షరతులు వేరుగా ఉంటాయి, పుస్తకం అమ్మేటప్పుడు అవి నీకు అడ్డం రావచ్చు. మనకు కావలసిన గరుకుదనమంతా మన రెండు ఊళ్లలోనే ఉంది. వన్‌టౌన్‌లో పాత దుకాణాల షట్టర్లు, యార్డు దగ్గర చిరిగిన గోనె, పోస్టర్ మీద పోస్టర్ అంటించి చింపిన గోడలు, ఇంటి వెనుక బట్టలుతికే బండ, వీటిలో ఏదైనా పనికివస్తుంది. మచ్చలు, మరకలు కావాలంటే నీడలో, వెలుతురు సమంగా ఉన్నప్పుడు, ఫోన్‌ను గోడకు ఎదురుగా తిన్నగా పట్టి తీయి. గరుకు కావాలంటే పొద్దున్నే, వెలుతురు పక్కనుంచి వాలినప్పుడు తీయి. ఎత్తుపల్లాలు నీడలతో సహా వస్తాయి. పల్చని కాగితం పరచి పెన్సిల్ బొగ్గు రుద్ది తీసిన అచ్చు ఇంకా మేలు, ఎందుకంటే అందులో రంగు గొడవ ఉండదు. ఉండవల్లి గుహల వంటి రక్షిత కట్టడాల దగ్గర మాత్రం ఫొటోతో ఆగిపో. ఆ రాతి మీద కాగితం పెట్టి రుద్దవద్దు. ఎండిన కుంచెతో నల్ల సిరా లాగిన గీతలు, స్పాంజి అద్దకాలు కూడా కొన్ని కాగితాల మీద చేసి దగ్గర పెట్టుకో.

వాటిని గ్రేస్కేల్‌లో 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, లెవెల్స్ అనే సర్దుబాటుతో బూడిద రంగును తగ్గించి, నలుపు తెలుపుగా విడదీయి. అక్కడినుంచి నీకు రెండు దారులు. మొదటిది ఇల్లస్ట్రేటర్‌లోని ఇమేజ్ ట్రేస్. ఇంక్‌స్కేప్‌లో దాన్నే ట్రేస్ బిట్‌మ్యాప్ అంటారు, కోరల్‌డ్రాలో పవర్‌ట్రేస్ అంటారు. ఇది మచ్చలను కూడా వెక్టర్ ఆకారాలుగా మారుస్తుంది. రెండోది స్కాన్‌ను చిత్రంగానే ఉంచి ఒపాసిటీ మాస్క్‌గా వాడటం: మాస్క్‌లో నలుపు ఉన్న చోట బొమ్మ మాయమవుతుంది, తెలుపు ఉన్న చోట నిలుస్తుంది. నీకు నేను మాస్క్‌నే సిఫారసు చేస్తాను. కింద ఉన్న గీత చెక్కుచెదరదు, అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, రేపు మచ్చ నచ్చకపోతే తీసివేయవచ్చు. ఆకారాలనుంచి మచ్చలను శాశ్వతంగా కోసివేసే పని చివరి దశలో, అదీ విడిగా భద్రపరచిన కాపీలోనే చేయి.

ట్రేస్ తప్పనిసరైన చోట యాంకర్ పాయింట్లను, అంటే ఆకారం గీతను నిర్ణయించే బిందువుల సంఖ్యను, అదుపులో ఉంచు. నువ్వు పంపిన గోడ ఫైలు తెరవడానికే నా కంప్యూటర్ చాలా సేపు తీసుకుంది. ప్రెస్సులో ప్లేట్ల కోసం పంపితే అక్కడా అదే ఇబ్బంది ఎదురవుతుంది. ఇమేజ్ ట్రేస్‌లో నాయిస్ విలువ పెంచితే కంటికి ఆనని చుక్కలన్నీ వదిలిపోతాయి, బొమ్మకు నష్టమేమీ ఉండదు. స్టిక్కర్ కటింగ్ మెషిన్‌కు వెళ్లే బొమ్మలో సన్నని మచ్చలు అసలే పెట్టవద్దు, ఎందుకంటే ప్రతి చుక్క చుట్టూ బ్లేడు తిరుగుతుంది. ఇక ఎఫెక్ట్ మెనూలోని గ్రెయిన్ (పొడి గరుకు) వెక్టర్ కాదు, చుక్కలతో ఏర్పడే చిత్రం. అది డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్‌లో ఉన్న రిజల్యూషన్ మీద ఆధారపడుతుంది. అంగుళానికి 72 చుక్కల్లో ఉంచి తెర మీద చక్కగా కనిపించిన గరుకు, 300కు మార్చగానే వేరే రూపు దాల్చుతుంది. కనుక ఆ సంఖ్యను పని మొదలుపెట్టే ముందే నిర్ణయించు.

పరిమాణం గురించి కూడా ముందే ఆలోచించాలి. ఎనిమిది అంగుళాల ముఖచిత్రాన్నే పుస్తకావిష్కరణకు పది అడుగుల ఫ్లెక్సీగా వేయిస్తే అది పదిహేను రెట్లు పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు చుక్క పదిహేను మిల్లీమీటర్ల రంధ్రమవుతుంది. వెక్టర్‌ను ఎంతకైనా పెంచవచ్చన్న మాట గీతలకు వర్తిస్తుంది, గరుకుకు వర్తించదు. ఫ్లెక్సీ కోసం మాస్క్‌ను విడిగా, చిన్న మచ్చలతో మళ్లీ తయారుచేసుకో.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి మన అక్షరాలు. ఇంగ్లీషు శీర్షికల కోసం చేసిన మచ్చలను తెలుగు మీద వేస్తే అక్షరమే మారిపోతుంది. ధ కడుపులో ఒక్క చుక్క పడితే థ అవుతుంది. థ లోని చుక్క చెరిగితే ధ అవుతుంది. ర మధ్యలో మచ్చ పడితే ఠ అనిపిస్తుంది. కింది చిన్న గీత పోతే ధ కాస్తా ద అవుతుంది, గుడిదీర్ఘం కొస అరిగితే గుడి మిగులుతుంది. నీ శీర్షికలోని ‘కథ’ అన్న మాటలో థ చుక్క ఇప్పటికే సగం పోయింది, చూసుకున్నావా? చదవడం నేర్చుకుంటున్న పిల్లల పుస్తకంలో ఇది క్షమించరానిది. అక్షరాల మీది మాస్క్‌ను జూమ్ చేసి ఒక్కొక్క అక్షరం చూస్తూ, తలకట్లు, గుడులు, వత్తులు, చుక్కలు ఉన్న చోట తెల్ల రంగుతో మచ్చలను చెరిపివేయి. లావైన నిలువు భాగాల్లో, విశాలమైన వంపుల్లో మచ్చలు ఉండనివ్వు. లోపలి పేజీల కథాపాఠం మీద ఏ టెక్స్చరూ వద్దు. కథలోని పాప ముఖం మీద కూడా వద్దు. అక్కడ పడిన మచ్చను పిల్లలు మచ్చగానే చూస్తారు.

మొత్తం పుస్తకాన్ని ఒకేసారి సరిదిద్దబోకు. ముందు ట్రంకుపెట్టె ఉన్న పేజీ ఒక్కటే తీసుకుని, పాత మచ్చలన్నీ తొలగించి, తుప్పు ఒక లేయర్‌లో, రంగు పోయిన అంచులు మరో లేయర్‌లో ఉంచి మళ్లీ చేయి. పుస్తకం మ్యాప్‌లితో కాగితం మీద వేస్తున్నట్లు రాశావు. ఆ కాగితం సిరాను పీల్చుకుని చుక్కలను కొంత లావు చేస్తుంది, కాబట్టి తెర మీద కనిపించే సన్నని తెల్ల మచ్చలు అచ్చులో పూడుకుపోతాయి. అందుకని ప్రూఫ్‌ను (అచ్చు నమూనాను) నున్నని ఆర్ట్ పేపర్ మీద కాక, పుస్తకానికి వాడబోయే కాగితం మీదే, అసలు కొలతలోనే తీయించు. ఆ ప్రూఫును, లేయర్లు కలపని ఫైలును కలిపి నాకు పంపు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఏ మచ్చలు నిలిచాయో, ఏవి పూడాయో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. ఆ తరువాత బండి పేజీ మొదలుపెట్టు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి