పెద్ద ఓడ ఇసుకలో దిగబడితే లాగితే రాదు, తేలాలి

మీరు మూడు సంగతులు అడిగారు. 2021లో ఈజిప్టులోని సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ ఇరుక్కున్నప్పుడు పెద్ద టగ్గులు (ఓడలను లాగే బలమైన పడవలు) పెట్టి లాగేస్తే ఒక్క పూటలో అయిపోయేది కదా, ఆరు రోజులు ఎందుకు పట్టింది? సరుకు దింపేస్తే ఓడ దానంతటదే తేలదా? అన్ని రోజులూ లోపల ఉన్నవాళ్లు ఏం చేస్తుంటారు?

నాది విశాఖపట్నం. పదహారేళ్లుగా సరుకు ఓడల మీద పనిచేస్తున్నాను. ఒకసారి నేనున్న ఓడే మేట ఎక్కింది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ వెనకాల సూయజ్ దగ్గర లంగరు వేసుకుని ఎదురుచూసిన ఓడల్లో మాదీ ఒకటి. ఆ రెండూ కలిపి చెబుతాను.

ముందు మా ఓడ సంగతి. అప్పుడు నేను థర్డ్ ఆఫీసర్‌ని. 190 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉన్న బల్క్ క్యారియర్ (బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టగా పోసుకెళ్లే ఓడ), నిండా సరుకు. ఒక విదేశీ నదీముఖంలో రాత్రి పూట లోపలికి వెళ్తున్నాం. వరదకు కొత్తగా పేరుకున్న మేట ఒకటి మ్యాపులో లేదు. పెద్ద చప్పుడు వస్తుందనుకుంటారు చాలామంది. ఏమీ రాలేదు. కాళ్ల కింద చిన్న వణుకు, తర్వాత వేగం తగ్గుతూ తగ్గుతూ సున్నా. అంతే. ఇంజిన్ తిరుగుతోంది, ఓడ మాత్రం కదలడం లేదు.

అలాంటప్పుడు ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఇంజిన్ వెనక్కి తిప్పి ఫుల్ కొట్టడం. కెప్టెన్ ఆ పని చేయలేదు, ఇంజిన్ ఆపించాడు. అడుగున ఏముందో తెలియకుండా వెనక్కి లాగితే, రాయి ఉంటే పొట్ట చీలిపోతుంది. బురదైతే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లతో పాటు ఆ బురదంతా లోపలికి పోతుంది. ఓడ అడుగున నీళ్లు పీల్చుకునే దారి మూసి, పక్కన కాస్త ఎత్తులో ఉండే దారి తెరవమని ఇంజిన్ రూమ్‌కు ఫోన్ చేశాడు. ఆ తర్వాత ప్రతి ట్యాంకూ, ప్రతి హోల్డూ (సరుకు నింపే గది) కొలవమన్నాడు, ఎక్కడైనా నీరు చేరుతోందేమోనని. ఎక్కడా చేరలేదు. ఆ మాట విన్నాక కెప్టెన్ మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

నాకు అప్పగించిన పని ఓడ చుట్టూ లోతు కొలవడం. సీసం గుండు కట్టిన తాడు తీసుకుని, ముందు నుంచి వెనక్కి ప్రతి పది మీటర్లకూ ఒకసారి దించి అంకె రాసుకోవాలి. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సబ్బు మెత్తి దించితే నేల మీదున్నది దానికి అంటుకుని పైకొస్తుంది. మాకు నల్లటి మెత్తని బురద వచ్చింది. అన్ని కంప్యూటర్లున్న ఓడలో ఆ రాత్రి అందరం ఎదురుచూసింది ఆ సబ్బు ముక్క కోసమే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇచ్చే లెక్క దగ్గరికి వస్తున్నాను. మేట ఎక్కకముందు మా ఓడ సగటున 12.25 మీటర్లు నీళ్లలో మునిగి ఉంది. ఎక్కాక చూస్తే 11.90. అంటే 35 సెంటీమీటర్లు పైకి లేచింది. మా ఓడ ఒక్క సెంటీమీటరు మునగాలంటే 58 టన్నుల బరువు పడాలి. 35ను 58తో గుణిస్తే సుమారు 2,000 టన్నులు. అంతవరకు నీళ్లు మోసిన ఆ బరువును ఇప్పుడు నేల మోస్తోంది. లాగాలంటే ఆ బరువు వల్ల పుట్టే రాపిడిని దాటాలి. మెత్తని బురదైతే ఆ బరువులో ఐదో వంతు నుంచి మూడో వంతు లోపు బలం కావాలి. ఇసుకైతే మూడో వంతు, ఇంకాస్త ఎక్కువ. పగడపు దిబ్బైతే సగం పైనే. రాతి మీదైతే ఒక్కోసారి మొత్తం బరువంత బలం పెట్టినా చాలదు. మాకు కనీసం 400 టన్నుల లాగుడు కావాలి. ఆ రేవులో ఉన్నవి రెండు టగ్గులు, ఒక్కొక్కటి 50 టన్నులు లాగుతుంది. పైగా పోటు అయిపోయి నీరు తీస్తోంది. గంట గడిచేకొద్దీ నేల మీద బరువు ఇంకా పెరుగుతూ పోయింది.

అందుకే ఆ రాత్రి మేం ఓడను తేలిక చేయలేదు, ఇంకా బరువెక్కించాం. ఖాళీ ట్యాంకుల్లోకి సముద్రపు నీరు పట్టాం. చదివేవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది, అప్పుడు నాకూ అలాగే అనిపించింది. గాలి మమ్మల్ని మేట పైకి నెడుతోంది. తర్వాతి పోటుకు ఓడ సగం తేలి సగం తేలక ఊగిందంటే, గాలి దాన్ని ఇంకా లోపలికి తీసుకెళ్లి పడేస్తుంది. సాయం అందేదాకా ఉన్నచోటే గట్టిగా కూర్చోబెట్టడం మొదటి పని. బయటకు తీయడం ఆ తర్వాతి మాట.

మూడు రోజులు ఆగాం. అమావాస్య దగ్గర పడింది, ఆ రాత్రి పోటు మేం ఎక్కిన రోజు కంటే 40 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుందని పట్టికలో ఉంది. పోటుకు మూడు గంటల ముందు నుంచి పట్టిన నీళ్లన్నీ తోడేయడం మొదలుపెట్టాం. ఓడ ముందు ట్యాంకులో మొదటి నుంచి ఉన్న నీళ్లు కూడా వదిలేశాం, ఎందుకంటే నేలకు ఆనింది ముందు భాగమే. నీరు పూర్తిగా ఎక్కడానికి పావుగంట ముందు రెండు టగ్గులూ వెనక్కి లాగాయి. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, గైరో దిక్సూచి అంకె మూడు రోజులుగా ఒకేచోట ఆగిపోయి ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. అర డిగ్రీ మారింది. మళ్లీ ఇంకో అర డిగ్రీ. నాకు గొంతు పెగల్లేదు. కెప్టెన్ భుజం తట్టి చూపించాను.

మా విశాఖ తీరంలో మత్స్యకారులు పడవను ఇసుక మీంచి నీళ్లలోకి దించడం మీరు చూసే ఉంటారు. అందరూ పట్టుకుని నిలబడతారు కానీ ఊరికే తోయరు. అల వచ్చి పడవ అడుగుకు తగిలి కాస్త లేపుతుంది చూడండి, ఆ క్షణంలో కేక వేసి ఒక్కసారిగా తోస్తారు. అల లేనప్పుడు పదిమంది తోసినా కదలని పడవ అప్పుడు ఆరుగురికే కదులుతుంది. 400 మీటర్ల ఓడకైనా సూత్రం అదే.

ఎవర్ గివెన్ పొడవు 400 మీటర్లు, వెడల్పు 59. దాని మీద సుమారు 18,300 కంటైనర్లున్నాయి. 2021 మార్చి 23 ఉదయం ఇసుక తుఫాను గాలిలో అదుపు తప్పి, కాలువకు అడ్డంగా తిరిగిపోయింది. ముక్కు తూర్పు గట్టులోకి దూసుకుపోయింది, వెనుక భాగం పడమటి గట్టును ఆనుకుంది. ఆ కంటైనర్ల గోడ గాలికి తెరచాపలా పనిచేస్తుంది. ఇరుకు కాలువలో గట్టుకు దగ్గరైన ఓడ వెనుక భాగాన్ని నీళ్లే గట్టు వైపుకు గుంజుతాయి. అక్కడ ఓడ నడిపినవాళ్లందరికీ ఆ భయం తెలుసు. ఇరుక్కున్న చోట కాలువకు అప్పట్లో ఒకే వరుస ఉండేది, పక్క దారి లేదు.

మా ఓడ మర్నాడు సూయజ్ లంగరు చోటుకు చేరింది. రోజురోజుకూ చుట్టూ ఓడలు పెరిగాయి. మొత్తం మీద 400కు పైగా ఆగిపోయాయి. కొండంత ఓడ ముక్కు ముందు చిన్న పొక్లెయిన్ మట్టి తవ్వుతున్న ఫొటో మీకూ వచ్చే ఉంటుంది. చాలామంది దాన్ని చూసి నవ్వారు, నాకు కోపం వచ్చింది. పెద్ద యంత్రాలు వచ్చేలోపు ఓడ ముక్కు దగ్గర మట్టి తీయగలిగింది అదొక్కటే. దాని డ్రైవర్ అంత ఎత్తు కంటైనర్ల కింద కూర్చుని నిద్ర లేకుండా పనిచేశాడు. అసలు తవ్వకం మష్హూర్ అనే డ్రెడ్జర్ (నీటి అడుగు మట్టి తవ్వే ఓడ) చేసింది. 30,000 ఘనపు మీటర్ల మట్టి, ఇసుక తీసి, ఓడ చుట్టూ 18 మీటర్ల లోతు దాకా వెళ్లింది. నెదర్లాండ్స్ నుంచి స్మిట్ సాల్వేజ్ వాళ్లు వచ్చారు, ఆపదలో పడ్డ ఓడలను బయటకు తీయడమే (సాల్వేజ్) వాళ్ల పని. ఓడ ట్యాంకుల్లోంచి 9,000 టన్నుల బాలాస్ట్ నీళ్లు (ఓడ నిలకడ కోసం పట్టుకునే నీళ్లు) తోడించారు. అంత పెద్ద ఓడ ఒక్క సెంటీమీటరు లేవాలంటే నా అంచనాలో 200 టన్నుల దాకా దించాలి. అంటే 9,000 టన్నులకు వచ్చేది అర మీటరు లోపే. మార్చి 28న పౌర్ణమి. ఆల్ప్ గార్డ్ అనే టగ్గు, 285 టన్నుల లాగే శక్తి ఉన్నది, సరిగ్గా ఆ రోజుకే చేరింది. మట్టి తవ్వడం, నీళ్లు తోడటం, పౌర్ణమి పోటు, పెద్ద టగ్గు, ఇవన్నీ ఒకే పూటకు కలవాలి. ఆరు రోజులు పట్టింది అందుకే. 29 తెల్లవారుజామున వెనుక భాగం కదిలింది. గట్టుకు నాలుగు మీటర్ల దూరంలో ఉన్నది 102 మీటర్లకు జరిగింది. ముక్కు మాత్రం మధ్యాహ్నం మూడు దాటాకే వదిలింది.

ఇక సరుకు దింపడం. అది ఆఖరి దారి. ఎవర్ గివెన్‌కు కూడా కంటైనర్లు దించే ఏర్పాట్లు మొదలుపెట్టారు, అవసరం రాలేదు. రేవులో అయితే అంత ఎత్తు క్రేన్లు ఉంటాయి. ఎడారి గట్టు మీద, మెత్తని ఇసుకలో, ఆ ఎత్తున్న కంటైనర్లను అందుకునే క్రేన్ నిలబెట్టడమే పెద్ద పని. అందాక ఒక్కొక్కటీ తీసి ఎక్కడ పెడతారు? ఏ వరుసలోంచి ఎంత తీస్తే ఓడ వంగిపోకుండా ఉంటుందో ప్రతిసారీ లెక్క చూడాలి. ముందూ వెనకా నేల మీద ఆనుకుని నడుమ నీళ్లలో వేలాడే ఓడకు పోటు తగ్గినప్పుడల్లా నడుం మీద బరువు పడుతుంది, తప్పుగా తీస్తే అక్కడే విరగొచ్చు.

నిజంగా దింపాల్సి వచ్చిన ఓడ కూడా ఉంది. 2022 మార్చి 13న అమెరికాలోని చెసపీక్ బేలో ఎవర్ ఫార్వర్డ్ దారి తప్పి బురదలో దిగబడింది. తవ్వి లాగారు, రాలేదు. చివరికి 500 కంటైనర్లు దించాక ఏప్రిల్ 17న బయటపడింది. అది మిగతా ఓడల దారికి అడ్డం లేదు కాబట్టి అంత సమయం తీసుకోగలిగారు.

రాతి మీద, పగడపు దిబ్బ మీద ఎక్కితే మాత్రం ఈ కథంతా వేరు. 2020 జులై 25న వకాషియో అనే ఓడ మారిషస్ దగ్గర పగడపు దిబ్బ ఎక్కింది. అందులో సరుకు లేదు, ఖాళీ ఓడే. అయినా అలలు దాన్ని దిబ్బ మీద రోజుల తరబడి బాదాయి. సుమారు 1,000 టన్నుల ఇంధన నూనె సముద్రంలో కలిసింది, ఆగస్టు 15న ఓడ రెండు ముక్కలైంది. అక్కడి జనం చెరకు ఆకులను గుడ్డ సంచుల్లో కుక్కి, నూనె ఒడ్డుకు రాకుండా కట్టలు కట్టారు. ఆ ఫొటోలు ఇప్పటికీ చూడలేను. సాల్వేజ్ వాళ్లు ముందు ఓడలోని నూనె తోడాలని తొందరపడేది ఇందుకే.

మా ఊరి మనిషికి గుర్తొచ్చే ఓడ ఇంకొకటుంది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ 'మా' లంగరు ఆగక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున పడింది. పదిహేనుమంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఊరంతా సెల్ఫీలకు వెళ్లింది. అది చిన్న ఓడే, అయినా రాళ్లున్న ఒడ్డు కావడంతో తీయడం అంత కష్టమైంది. తర్వాత దాన్ని రెస్టారెంట్‌గా చేస్తామని టూరిజం వాళ్లు ముందుకొచ్చారు.

డబ్బు సంగతి ఒక్క మాట. సాల్వేజ్ వాళ్లు చాలాసార్లు 'ఓడ దక్కితేనే కూలి' అనే పాత ఒప్పందం మీద దిగుతారు. దక్కకపోతే పడ్డ కష్టానికి కూలి రాదు. దక్కితే ఆ ఖర్చును ఓడ యజమానితో పాటు అందులో సరుకున్న ప్రతి ఒక్కరూ విలువను బట్టి వంతు వేసుకుని భరించాలి. ఎవర్ గివెన్‌లో ఒక్క పెట్టె ఉన్న చిన్న వ్యాపారికీ ఆ వంతు పడింది.

చివరిగా లోపలి వాళ్ల సంగతి. మా ఓడలో ఆ మూడు రోజులూ ఎవరూ ఊరికే కూర్చోలేదు. గంటకోసారి ట్యాంకుల కొలత, గంటకోసారి చుట్టూ లోతు, ఓడ ఒరుగుతోందేమోనని చూడటం. కుక్ రాత్రి రెండింటికి కూడా టీ, ఉప్మా పైకి పంపేవాడు. ఇంటికి మాత్రం ఎవరం నిజం చెప్పలేదు. అసలు టెన్షన్ ఓడ తేలాక మొదలవుతుంది. విచారణలు, ప్రశ్నలు, ఎవరి తప్పు అని తేల్చేదాకా నిద్ర పట్టదు.

ఎవర్ గివెన్‌లో ఉన్న పాతికమందీ భారతీయులే. మార్చి 29న ఓడ తేలింది కానీ వాళ్ల కథ ముగియలేదు. నష్టపరిహారం తేలేదాకా కదలడానికి వీల్లేదని కాలువ అధికారులు ఓడను గ్రేట్ బిట్టర్ లేక్‌లో నిలిపేశారు. మొదట అడిగింది 91.6 కోట్ల డాలర్లు. ఏప్రిల్ 1న మా ఓడ ఆ సరస్సు మీదుగా వెళ్తున్నప్పుడు అది లంగరు వేసుకుని ఉంది. బైనాక్యులర్స్‌లో చూస్తే డెక్ మీద నారింజ రంగు బాయిలర్ సూట్లలో ఇద్దరు నడుస్తున్నారు. మా బోసన్ (డెక్ మీద పనివాళ్ల పెద్ద) చెయ్యి ఊపాడు. అంత దూరం వాళ్లకు కనబడదని తెలిసీ నేనూ ఊపాను.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, మీ ఓడ దాటిందా అని అడిగి, ఆ ఓడలో పిల్లలు ఎవరింటి పిల్లలో, ఇంటికెళ్లారా అంది. ఇంకా లేదన్నాను. అక్కడి నుంచి ప్రతి ఫోన్‌లో అదే అడిగేది. జులై 7న ఒప్పందం కుదిరి ఓడ బయలుదేరిందని మెసేజ్ వచ్చినప్పుడు నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లోకి వెళ్లి ముందు ఆ మాటే చెప్పాను.