ఆ నాలుగు డాఫ్నియాలు ఎందుకు బతికాయి?

ప్రశ్న: సార్, నమస్తే. నేను హనుమకొండలో డిగ్రీ ఫైనల్ ఇయర్, జువాలజీ. ప్రాజెక్టు కోసం 20 డాఫ్నియాలను (నీళ్లలో బతికే చిన్న జీవులు, నీటి ఈగలంటారు) మెర్క్యురిక్ క్లోరైడ్ అనే పాదరసం విషం కలిపిన బీకరులో వేశాం. ఇంకో 20 అదే విషంలో వేసి, హోమియో షాపులో కొన్న మెర్క్యూరియస్ కొరొసైవస్ 30 (ఆ పాదరసం విషాన్నే పలుచన చేసి తయారుచేసే హోమియో మందు) పది చుక్కలు కలిపాం. 48 గంటలకు మొదటి బీకరులో 9, రెండో దాంట్లో 13 కదులుతున్నాయి. మందు పనిచేసిందని రాయొచ్చా? మా ఇంట్లో అందరం హోమియోనే వాడతాం.
– ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే రాయకు తల్లీ. ముందు ఒక రూపాయి బిళ్ల తీసుకుని 20 సార్లు ఎగరేసి బొమ్మలు లెక్కపెట్టు. మళ్లీ 20 సార్లు ఎగరెయ్యి. ఒకసారి 9, ఇంకోసారి 13 వస్తే ఆశ్చర్యపోతావా? నీ బీకర్లలో తేడా కూడా అంతే.

నా సంగతి చెబుతా. కొత్తగా లెక్చరర్‌గా చేరిన రోజుల్లో, డాఫ్నియాల మీద ఇలాంటి విష పరీక్షకే, నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుందని మా అటెండర్‌ను బావి నీళ్లు తెమ్మన్నాను. పాపం ఆయన శ్రద్ధగా ఇంట్లో రాగి బిందెలో రాత్రంతా పెట్టి మరీ తెచ్చాడు. తెల్లారేసరికి ఏ విషమూ వేయని బీకరులోవి కూడా పోయాయి. మనం ఆరోగ్యమని తాగే రాగి బిందె నీళ్లు డాఫ్నియాకు విషం. ఆ ఉత్త నీళ్ల బీకరు పెట్టకపోయి ఉంటే, నేను వేసిన విషాన్నే నేరస్తుణ్ని చేసేవాణ్ని. నీ ఉత్తరంలో అలాంటి బీకరు ఊసే లేదు.

ఇక సీసా మీది 30 అంటే, నూరింతలు పలుచన చేయడం ముప్పైసార్లు. పన్నెండోసారి దాటాక మొదటి పదార్థం అణువు ఒక్కటైనా మిగలడం దాదాపు అసాధ్యం, అవగాడ్రో సంఖ్యతో (ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల సంఖ్య) నువ్వే లెక్కేసుకో. మిగిలేది స్పిరిట్. స్పిరిట్ తగిలితే డాఫ్నియా గుండె నెమ్మదిస్తుందని మైక్రోస్కోపు కింద నీకు చూపించే ఉంటారు. కాబట్టి అదే స్పిరిట్ పది చుక్కలు, మందు లేకుండా, విషంలో వేసిన బీకరు ఒకటి కావాలి. దాన్ని కూడా మందు తయారీలో కుదిపినట్టే కుదిపి వెయ్యాలి. పోటీ పెట్టాల్సింది మందుకూ ఉత్త విషానికీ కాదు, మందుకూ ఈ స్పిరిట్‌కూ.

ఇరవైనీ ఒకే బీకరులో వేయడం ఇంకో పొరపాటు. పాదరసం గాజుకు, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. నీళ్లతో పాటు కొంచెం నాచు వచ్చినా దాన్ని పట్టుకుంటుంది. అలా విషం తగ్గిన బీకరే నీ మందు బీకరై ఉండొచ్చు. ఐదేసి చొప్పున నాలుగు బీకర్లలో వెయ్యి. డాఫ్నియాల మీద విషాన్ని పరీక్షించడానికి అంతర్జాతీయంగా వాడే ఓఈసీడీ 202 పద్ధతి చెప్పేదీ అదే. ఉత్త నీళ్లలో పది శాతానికి మించి కదలడం మానేస్తే ఆ రోజు పరీక్షను లెక్కలోంచి తీసేస్తారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నీ కళ్లే. బీకరును మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదకపోతే కదలనట్టు లెక్క. అప్పుడు ఒకటి కొంచెం అల్లాడుతుంది. మందు బీకరని తెలిస్తే "ఈదింది" అంటావు, తెలియకపోతే "లేదు" అంటావు. నీ ఉత్తరంలోనే మనసు ఎటుందో కనిపిస్తోంది, తప్పేం లేదు. బీకర్ల మీద నంబర్లు మాత్రమే వేసి, ఏది ఏమిటో స్నేహితురాలి దగ్గర దాచమను. లెక్క అయ్యేదాకా అడగకు.

ఇదంతా చేశాక తేడా వస్తే నాకే మొదట రాయి. రాకపోయినా రాయి, అదీ ఫలితమే. అయితే ఇంట్లో ఎవరికైనా పాదరసం విషమైతే మాత్రం చుక్కలు వేస్తూ కూర్చోవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంట్లోని పాదరసాన్ని పట్టి బయటికి పంపే మందులు అక్కడ ఉంటాయి.

మీ బీకర్లలో నీళ్లు ఇంకా పారబోయలేదు కదా? నయీంనగర్ నాలాలోకి వదలకు. మూతున్న సీసాలో పోసి, మీద "పాదరసం" అని రాసి, ల్యాబ్ ఇన్‌చార్జి చేతికివ్వు.