మనిషి బొమ్మే లేని పెయింటింగ్ యుద్ధానికి నిరసన ఎలా అవుతుంది?

విజయనగరంలో ఒక ప్రదర్శనలో నల్లటి మరకలు, చారలు తప్ప ఏమీ లేని చిత్రం కింద 'యుద్ధానికి నిరసన' అని రాసి ఉందని, అదెలాగో చెప్పమని అడిగారు.

మన వైపు యుద్ధం అనగానే 1757 నాటి బొబ్బిలి గుర్తొస్తుంది. తాండ్ర పాపారాయుడి బొమ్మ గీస్తే కత్తి, పౌరుషమే కంటికి ఆనతాయి. కోటలో చనిపోయిన ఆడవాళ్లు, పిల్లలు మరుగున పడిపోతారు. నైరూప్య చిత్రంలో, అంటే గుర్తుపట్టే రూపాలేవీ లేని చిత్రంలో, మెచ్చుకోవడానికి వీరుడే ఉండడు. భయం, దుఃఖం మాత్రమే మిగులుతాయి.

అమెరికా చిత్రకారుడు రాబర్ట్ మదర్‌వెల్‌నే తీసుకోండి. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1939లో అక్కడి రిపబ్లిక్ (ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం) కూలిపోయింది. ఆ బాధతో ఆయన 1948 నుంచి దశాబ్దాల పాటు వందకు పైగా చిత్రాలు వేశారు. తెలుపు మీద నల్లటి నిలువు పట్టీలు, వాటి మధ్య నలిగిపోతున్నట్టుండే కోడిగుడ్డు ఆకారాలు. ఆ వరుసకు స్పానిష్ రిపబ్లిక్ శోకగీతాలని పేరు. అదే యుద్ధం మీద పికాసో వేసిన 'గెర్నికా' (1937) చిత్రం వేరు, అందులో బిడ్డ శవంతో ఏడ్చే తల్లిని, గుర్రాన్ని గుర్తుపట్టగలం.

నా ఉద్దేశంలో ఇలాంటి చిత్రానికి పేరు చాలా ముఖ్యం. అది తీసేస్తే ఏ దుఃఖమైనా కావచ్చు. ముందు పేరు చదివి, తర్వాత కాస్త దూరం నుంచి చూడండి.