2850 నుంచి 2853 దాకా: ఒక యువ రచయితకు లేఖ

నల్లగొండ

చిరంజీవి శ్రావణ్‌కు ఆశీస్సులు.

కృత్రిమ లిపిడ్ (కణపొరల్లో ఉండే కొవ్వు జాతి అణువు) పొరలను, అవి ఏ పరారుణ కాంతిని శోషించుకుంటాయో చూపే వర్ణపటంతో పరిశీలించే పద్ధతిపై పాలమూరు నుంచి నీవు పంపిన వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీలు కణశాస్త్ర చరిత్రకే సరిపోయాయి, మొహమాటపడకుండా తీసెయ్యి. డీపీపీసీ అనే లిపిడ్‌ను నీటిలో ఉంచి వేడి చేస్తూ పోతే, వర్ణపటంలో సెంటీమీటరుకు 2850 తరంగాల (దీన్నే తరంగ సంఖ్య అంటారు) దగ్గరి పీక్, అంటే శోషణ శిఖరం, సుమారు 41 డిగ్రీల వద్ద 2853 వైపు జరుగుతుందన్న అసలు సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. వ్యాసం నిలవవలసింది అక్కడే.

ఆ పీక్ లిపిడ్ తోకల్లోని కార్బన్-హైడ్రోజన్ బంధాలు సాగి ముడుచుకునే కంపనానిది. చల్లగా ఉన్నంతసేపు తోకలు నిటారుగా ఒకదానినొకటి ఒత్తుకొని ఉంటాయి. 41 దాటితే గొలుసుల్లో మెలికలు పడి, పొర సడలి, తరంగ సంఖ్య కొద్దిగా పెరుగుతుంది. నీవు తెచ్చిన పేరిన నెయ్యి పోలిక బాగానే ఉంది, కాని కరిగిన నెయ్యికి ఆకారం ఉండదు, సడలిన పొర మాత్రం పొరగానే ఉంటుంది. ఆ తేడా చెప్పకపోతే పాఠకుడు దారి తప్పుతాడు.

నీటి ఇబ్బందిని నీవు ప్రస్తావించనేలేదు. 1645 దగ్గర నీరే పరారుణ కాంతిని బలంగా శోషించుకుంటుంది కనుక, ఆ ప్రాంతం కావలసినవారు భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) వాడతారు. అప్పుడు నీటి పీక్ 1210 దగ్గరికి దిగి, లిపిడ్ తలలోని ఫాస్ఫేట్ గుర్తు కనిపించే 1230 ప్రాంతాన్ని కమ్మేస్తుంది. ఒకచోట తెర తీస్తే మరోచోట పడుతుందన్న ఈ చిక్కే, నా దృష్టిలో, వ్యాసానికి ప్రాణం.

మన రెండు జిల్లాల్లో మే నెల ఎండకు 41 డిగ్రీలు కొత్త కాదు కాబట్టి ఆ అంకె పాఠకుడికి ఇట్టే బోధపడుతుంది. అయితే ఎండకు మన కణాల పొరలూ అలాగే మారిపోతాయని అతడు అనుకునే ప్రమాదమూ అక్కడే ఉంది. సజీవ కణంలో అసంతృప్త (ద్విబంధాల వల్ల వంగిన) తోకలున్న లిపిడ్లు, కొలెస్టెరాల్, ప్రోటీన్లు కలిసి ఉంటాయి, అందువల్ల ఒకే లిపిడ్‌తో చేసిన పొరలో కనిపించే ఆ పదునైన మార్పు అక్కడ కనిపించదు. కొత్త మందులు రాబోతున్నాయన్న నీ చివరి పేరా తొలగించి, ఆ స్థానంలో ఉష్ణోగ్రతకు ఎదురుగా పీక్ స్థానాన్ని చూపే గ్రాఫ్ ఒకటి గీసి పంపు.