బైకస్పిడ్ వాల్వ్ ఉన్నవాళ్లకి అయోర్టా పెరుగుతుందో లేదో ఎంఆర్‌ఐలో ముందే తెలుస్తుందా?

మీ తమ్ముడికి ఎకోలో బైకస్పిడ్ వాల్వ్ (గుండె నుంచి రక్తం బయటికి పోయే చోట రెండే రెక్కలున్న కవాటం) బయటపడింది, అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) వెడల్పు 41 మి.మీ. ఉంది, ఎంఆర్‌ఐ తీయిస్తే ముందు ముందు ఎంత పెరుగుతుందో తెలుస్తుందా అని అడిగారు. నాకూ పుట్టుకతో అదే వాల్వ్. ఏళ్ల తరబడి స్కాన్లు తీయించుకుంటున్నాను కాబట్టి చెప్తున్నా: ఇంత పెరుగుతుందని లెక్క కట్టి చెప్పే స్కాన్ లేదు. గోడలో ఏ చోటు ఒత్తిడికి గురవుతోందో మాత్రం తెలుస్తుంది.

మూడు రెక్కలకి బదులు రెండే ఉంటే రక్తం నడిమధ్యలోంచి పోకుండా ఓ పక్కకి కొడుతుంది. రక్తం ఎటు, ఎలా పారుతోందో చూపించే 4డి ఫ్లో ఎంఆర్‌ఐలో ఆ ధార రంగుల్లో కనిపిస్తుంది. నా దాంట్లో ఎర్రటి చార ఒకటి సూటిగా వెళ్లి కుడివైపు ముందు గోడకి తగిలి, అక్కణ్ణుంచి సుడి తిరుగుతూ పైకి పోయింది. కుడి, ఎడమ రెక్కలు అతుక్కుపోయినవాళ్లలో ఎక్కువగా ఇలాగే ఉంటుందట. ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని పరీక్షిస్తే, ఒరిపిడి ఎక్కువ పడే చోట గోడలోని సాగే పోగులు ఎక్కువ దెబ్బతిని కనిపించాయి. అలాగని తప్పంతా ధారదే కాదు, గోడలోనే పుట్టుబలహీనత ఉండొచ్చు.

నన్ను హడలగొట్టింది మాత్రం ఈ రంగుల బొమ్మ కాదు, మామూలు కొలత. ఎకోలో 42, తర్వాత సీటీలో 45. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రేడియాలజిస్టు పాత, కొత్త బొమ్మలు పక్కపక్కన పెట్టి, అయోర్టాకి సరిగ్గా అడ్డంగా కోత వచ్చేలా తిప్పి కొలిస్తే 43. ఏటవాలు కోతలో గుండ్రంది కోలగా కనిపించి, అంకె పెరిగిందంతే. ఎకోకీ సీటీకీ కొలిచే పద్ధతి కూడా వేరు. 1, 2 మి.మీ. తేడా మామూలే.

అందుకే ప్రతిసారీ ఒకే రకం స్కాన్, అదే చోట కొలత. సీటీ అయితే ఈసీజీకి జతచేసి, గుండె లయకి తగ్గట్టు తీయమనండి, లేకపోతే గుండె కదలికకి అంచు మసకబారుతుంది. సాధారణంగా 55 మి.మీ.కి ఆపరేషన్ అంటారు. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా అయోర్టా చీలినా, వరసగా రెండేళ్లు ఏడాదికి 3 మి.మీ. చొప్పున పెరిగినా 50కే ఆలోచిస్తారు. బీపీ అదుపులో ఉండాలి. సిప్రోఫ్లోక్సాసిన్ జాతి యాంటీబయాటిక్ ఎవరైనా రాస్తే అయోర్టా సంగతి ఆ డాక్టరుకి చెప్పాలి.

ఇంకోటి, ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మీరూ ఓసారి ఎకో తీయించుకోండి, అమ్మానాన్నలకి కూడా.