ఆరు నెలల అమెరికా ప్రయాణం: కావలి నంబరును ఏం చేయాలి?

ప్రశ్న: నేను హైస్కూల్లో పనిచేసి రిటైరైన టీచర్ని. మాది కావలి. మా అమ్మాయి పురుడు కోసం నేనూ, మా ఆవిడా జూన్‌లో డాలస్ వెళ్తున్నాం. నవంబరు మొదటి వారానికల్లా తిరిగి వస్తాం. పెన్షన్ స్టేట్ బ్యాంకులో పడుతుంది. అల్లూరు దగ్గరున్న రొయ్యల గుంట లీజు డబ్బు, ఒక చీటీ, కరెంటు బిల్లు అన్నీ నా ఫోన్లోనే నడుస్తాయి. ట్రంక్ రోడ్డులోని ఫోన్ షాపులో అడిగితే ఒక్కో నంబరుకు నెలకు సుమారు 4 వేల రూపాయల రోమింగ్ ప్యాక్ వేసుకోమన్నారు. మా తమ్ముడేమో, సిమ్ తీసి తనకిచ్చి వెళ్తే ఓటీపీలు తానే చెప్తానంటున్నాడు. అల్లుడు అక్కడ ఫోన్ ఇప్పిస్తానంటున్నాడు కానీ, ఆయన చేత ఖర్చు పెట్టించడం మాకు ఇష్టం లేదు. ఏది మంచిది?

జవాబు: మాస్టారూ, ముందు లెక్క చూద్దాం. షాపు వాళ్లు చెప్పినట్టు చేస్తే ఇద్దరికీ నెలకు 8 వేలు, ఆరు నెలలకు 48 వేలు. రోమింగ్ ప్యాక్ అనేది వారం, పది రోజులు ఊరు చూసి వచ్చేవాళ్ల కోసం. సింగపూరు వెళ్లేవాళ్లకు నేనే వేసుకోమని చెప్తుంటాను. కూతురింట్లో ఆరు నెలలు వైఫైలో కూర్చునేవాళ్లకు అది దండగ.

మీ ఫోన్ చేసే పనులు రెండు. ఒకటి మాట్లాడుకోవడం, వీడియో కాల్స్, దారి చూసుకోవడం. ఇదంతా ఏ సిమ్‌తోనైనా జరుగుతుంది. రెండోది బ్యాంకుకు మీరెవరో చూపించడం. పెన్షన్ ఖాతా, యూపీఐ, ఆధార్, చీటీ అన్నీ మీ కావలి నంబరుకే ముడిపడి ఉన్నాయి. మొదటి పనికి అక్కడి సిమ్ తీసుకోండి, రెండో పనికి ఇక్కడి సిమ్‌ను బతికించి ఉంచండి. ఈ రెండూ ఒకే ప్యాక్‌తో చేయబోతేనే 48 వేలవుతుంది.

నంబరు బతికించడం అని ఎందుకంటున్నానంటే, కందుకూరు నుంచి నా దగ్గరకొచ్చే ఒకాయన కొడుకు దగ్గరకెళ్లి ఏడు నెలలుండి వచ్చారు. అక్కడ ఎలాగూ పనిచేయదు కదా అని రీఛార్జ్ మానేశారు. దిగి ఫోన్ ఆన్ చేస్తే నంబరు లేదు. వాడకుండా 90 రోజులు దాటిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీలు తీసేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే అవి కోసుకుని ఇంకో నెల ఉంచుతాయి, అంతే. తీసేసిన నంబరును కనీసం 90 రోజుల వరకు కొత్తవాళ్లకు ఇవ్వరని టెలికం కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చని దాని అర్థం. 90కి 90 కలిపితే 180 రోజులు, మీరు అక్కడ ఉండబోయే కాలమూ ఇంచుమించు అంతే. ఇక కందుకూరు ఆయన బ్యాంకు, ఆధార్, ఎల్ఐసీ, గ్యాస్ అంటూ ఒక్కోచోట నంబరు మార్పించుకునేసరికి సంక్రాంతి దాటింది.

దీనికి మందు చవక. మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే, డేటా లేని ప్యాక్‌లు కూడా అమ్మాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది. అలాంటి ప్యాక్‌ల గడువు ఏడాది వరకు ఉండొచ్చని కూడా అప్పుడే మార్చింది. ఏడాది ప్యాక్ రెండు వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. బయల్దేరే ముందు మీ ఇద్దరి నంబర్లకూ ఒకేసారి వేయించేయండి. ఆరు నెలలకు ఆరు నెలలే వేయించకండి, టికెట్ మారి ఇంకో నెల ఉండాల్సి రావచ్చు. పురుళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రోమింగ్ ఆన్ చేయించడం వేరు, రోమింగ్ ప్యాక్ వేసుకోవడం వేరు. విదేశంలో మీ సిమ్‌కు సిగ్నల్ తగలాలంటే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ అయి ఉండాలి. అప్పుడు వచ్చే మెసేజ్‌లకు మన కంపెనీలు మామూలుగా డబ్బు తీసుకోవు. ఓటీపీ వచ్చేది మెసేజ్‌గానే కాబట్టి మీకు కావలసింది అంతవరకే. కొన్ని ప్రీపెయిడ్ నంబర్లకు ఆ కాస్త పనికి కూడా ఏదో ఒక చిన్న ప్యాక్ అడుగుతారు. అందుకే ట్రంక్ రోడ్డు షాపులో కాకుండా కంపెనీ సొంత స్టోర్‌కు వెళ్లి, ‘నాకు మెసేజ్‌లు వస్తే చాలు, డేటా వద్దు, కాల్స్ వద్దు. తక్కువలో తక్కువ ఏం కావాలి?’ అని ఈ మాటే అడగండి. ప్యాక్ అమ్మితే షాపు అబ్బాయికి కమీషన్ వస్తుంది, తప్పు పట్టను. పిల్లోడి బతుకుతెరువు అది.

కాల్ ఎత్తితే మాత్రం నిమిషానికి ఇంతని పడుతుంది. ఎవరు చేశారన్నది కంపెనీకి అనవసరం. ‘సార్, పర్సనల్ లోన్ కావాలా?’ అని అడిగే అమ్మాయికి ‘వద్దమ్మా’ అని చెప్పినందుకు కూడా డబ్బు కట్టాలి. రింగ్ అయితే అవనివ్వండి. అసలు మనుషులందరికీ వాట్సాప్‌లో చేయమని చెప్పండి. డాలస్‌లో కొత్త సిమ్ వేసినా వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తుంది. నంబరు మార్చమని అడిగితే వద్దని నొక్కండి.

ఇప్పుడు తమ్ముడి సలహా. ఆయన మీద అనుమానంతో కాదు గానీ, ఆ పని చేయొద్దు. యూపీఐ యాప్ మీ ఫోన్లో ఆ సిమ్ ఉందో లేదో చూసుకుంటుంది. సిమ్ కావలిలో, ఫోన్ డాలస్‌లో ఉంటే యాప్ మొండికేస్తుంది. వాట్సాప్ లాంటి యాప్‌లు కూడా సిమ్ ఫోన్లో ఉంటేనే పనిచేసేలా చూడాలని టెలికం శాఖ 2025 నవంబరులో ఆదేశాలిచ్చింది. ఇవన్నీ అలా ఉంచి, పెన్షన్ ఖాతా ఓటీపీలు ఇంకొకరి ఫోన్లో పడుతున్నాయంటే, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల చేతిలో మీ ఖాతా ఉన్నట్టే. తమ్ముడు మంచివాడే. సాయంత్రం ఆయన ఫోన్లో ఆటలాడే మనవడి సంగతేంటి? రేపు ఒక రూపాయి తేడా వస్తే అన్నదమ్ముల మధ్య మాట వస్తుంది. అది 48 వేల కన్నా పెద్ద ఖర్చు.

అల్లుడు ఫోన్ ఇప్పిస్తానంటే కాదనకండి, కానీ ఏ ఫోనో అడగండి. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 14వ మోడల్ నుంచి సిమ్ పెట్టే గాడే ఉండదు, అన్నీ ఈసిమ్‌లే, అంటే విడిగా ముక్క లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్‌లు. మీ కావలి సిమ్ అందులో దూరదు. అలాంటి ఫోనే అయితే ఇక్కడ ఉండగానే కంపెనీ స్టోర్‌లో మీ నంబరును ఈసిమ్‌గా మార్చే పద్ధతి కనుక్కోండి. నన్నడిగితే మీ పాత రెండు సిమ్‌ల ఫోనే తీసుకెళ్లడం మేలు. కొత్త ఫోన్లో యూపీఐ మొదలుపెట్టాలంటే మీ నంబరు నుంచి మెసేజ్ బయటికి వెళ్లాలి, అక్కడి నుంచి అది వెళ్లక చాలామంది తిప్పలు పడ్డారు. ఓటీపీల కోసం వేరే బటన్ ఫోన్ పట్టుకెళ్దామనీ అనుకోకండి. అక్కడి పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ ఆపేశాయి, మన పాత బటన్ ఫోన్లు చాలావరకు బొమ్మల్లా పడి ఉంటాయి.

డాలస్ సిమ్‌కు వస్తే, ప్రీపెయిడ్‌లో నెలకు 15 నుంచి 30 డాలర్లకు సరిపడా దొరుకుతుంది. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లూ తీసుకోవచ్చు. లెక్క సులువుగా ఉండాలని డాలరు 90 రూపాయలు, సిమ్ 20 డాలర్లు అనుకుందాం. ఆరు నెలలకు 10,800. ఇద్దరికీ తీసుకున్నా 21,600, ఇక్కడి ఏడాది ప్యాక్‌లు 4 వేలు, మొత్తం 25,600. షాపు లెక్కలో సగం చిల్లర. మీ ఆవిడ ఎక్కువగా ఇంట్లోనే ఉంటే ఆమెకు వైఫై చాలు, ఒక్క సిమ్‌తో 15 వేల లోపే అయిపోతుంది.

ఇక అల్లుడి చేత ఖర్చు పెట్టించడం. మీ మొహమాటం నాకు అర్థమైంది. అయితే వాళ్ల ఫ్యామిలీ ప్లాన్‌లో ఇంకో లైన్ కలపడం విడిగా కొనడం కన్నా చవకగా పడొచ్చు. ఆ పని అమ్మాయికి అప్పజెప్పి, లెక్క మనసులో పెట్టుకుని, బారసాల నాడు బిడ్డ చేతిలో ఇంకాస్త కలిపి పెట్టండి. అల్లుడికీ మర్యాదే, మీకూ మర్యాదే.

వెళ్లేముందు కావలిలోనే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో కావలి సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. డాలస్‌లో రెండో సిమ్ వేశాక మొబైల్ డేటా దానికే ఇవ్వండి. ఒక సిమ్‌లో సిగ్నల్ లేకపోతే డేటాను రెండో దానికి మార్చే సదుపాయం కొన్ని ఫోన్లలో ఉంటుంది, దాన్నీ ఆపేయండి. విమానం ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. కొన్ని విమానాల్లో లోపలే ఒక నెట్‌వర్క్ ఉంటుంది, దాని రేట్లు నేల మీది రోమింగ్ కన్నా ఎక్కువ. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. ఒకసారి ఆ మోడ్ పెట్టకుండా నిద్రపోయాను, దిగేసరికి ఫొటోలన్నీ నా ఖర్చుతో ఆకాశం నుంచి అప్‌లోడ్ అయ్యాయి. చెన్నై నుంచి దోహా మీదుగా టికెట్ తీసుకున్నా, దుబాయ్ మీదుగా తీసుకున్నా, మధ్యలో ఆగినచోట కూడా అది వేరే దేశమేనని గుర్తుంచుకోండి. అక్కడ ఎయిర్‌పోర్టు వైఫైతో అమ్మాయికి మెసేజ్ పెట్టి ఊరుకోండి.

బ్యాంకుకు ఒకసారి వెళ్లి మీ ఈమెయిల్ నమోదైందో లేదో చూసుకోండి. స్టేట్ బ్యాంకుకు మెసేజ్‌తో పనిలేకుండా ఓటీపీ చూపించే ‘సెక్యూర్ ఓటీపీ’ యాప్ ఉంది. నమోదు మాత్రం సిమ్ సిగ్నల్ బాగున్నప్పుడు, అంటే ఇక్కడే చేసుకోవాలి. చీటీ, కరెంటు బిల్లు ఆటోపేలో పెట్టేయండి. వాయిదా 15 వేలు దాటితే ఆటోపేకు కూడా ప్రతిసారీ ఓటీపీ అడుగుతారు, చీటీ ఎంతో చూసుకోండి. డెబిట్ కార్డు అక్కడ గీకాలంటే ముందు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయాలి. చాలా బ్యాంకులు మారకం మీద 3.5 శాతం దాకా అదనంగా తీసుకుంటాయి కాబట్టి కార్డును అవసరానికి మాత్రమే ఉంచుకోండి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ గురించి మీరు అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. అది ఇవ్వాల్సిన జనవరికి మీరు కావలిలోనే ఉంటారు.

డాలస్ చేరిన మర్నాడే ఒకసారి నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి ఓటీపీ వస్తోందో లేదో చూడండి. రాకపోతే ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసి, నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకుని చూడండి. చీటీ కట్టాల్సిన రోజు దాకా ఆగితే అప్పుడు కంగారు తప్పదు. అలాగే గుంట లీజు ఆయనకు ఒక మాట చెప్పి వెళ్లండి. కావలిలో పొద్దున పది గంటలంటే డాలస్‌లో ముందురోజు రాత్రి పదకొండున్నర. డబ్బు వేశాక ఫోన్ చేయకుండా వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టమనండి, పొద్దున లేచి చూసుకుంటారు.